నా ఒళ్లో మోటారు, వాడి మీద దొంగతనం

మా మగ్గం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా మరమగ్గం మోటారు కాలిపోయింది. నకిరేకల్‌లో బాగుచేయించుకుని తిరిగి వస్తున్నాం, నేనూ, మాదిగవాడలోని నా చిన్ననాటి దోస్తూ. వాడు బండి నడుపుతున్నాడు. మోటారు నా ఒళ్లో ఉంది. దారిలో పోలీసులు ఆపారు. ఎవరో రైతుది బావి మోటారు పోయిందట. ఇద్దర్నీ స్టేషన్‌కు తీసుకెళ్లారు.

ఎస్సై మొదటి ప్రశ్న, "ఏమోళ్లు మీరు?"

"పద్మశాలోళ్లం సార్," అన్నాను. నాకు కుర్చీ వచ్చింది, వెనకే చాయ్ వచ్చింది.

"మాదిగోళ్లం," అన్నాడు వాడు. చొక్కా విప్పించి గోడవారన నేలమీద కూర్చోబెట్టారు.

"యాడికెల్లి ఎత్కచ్చినవ్‌రా?" అని వాణ్నే అడిగాడు ఎస్సై. మోటారేమో ఇంకా నా ఒళ్లోనే ఉంది.

"సార్, గిది నాది," అన్నాను.

"మీరు మంచోళ్లు. గిసుంటోళ్లను నమ్మి ఎంట తిప్పుకుంటరు."

బుద్ధెరిగాక మొదటిసారి నిజం చెబితే నా గతి ఇదీ. ఇక నాకు చేతనైన విద్యకే దిగాను.

"సార్, దొంగతనం నేనే చేసిన. బాయిలకెల్లి భుజమ్మీద ఏస్కొని ఈదుకుంట తెచ్చిన."

ఎస్సై పడీపడీ నవ్వాడు. "మస్తు జోకులేస్తరు మీరు! ఇంకో చాయ్ తాగుండ్రి."

గోడవార నుంచి దోస్తు గొణిగాడు, "నీకు దండం బెడ్త, జర నోరు మూస్కోరాదురా. నువ్వు మాట్లాడినకొద్ది నాకు ఇంకో కేసు తగుల్తది."

వాడి భయంలో అబద్ధం లేదు. ఒక్కసారి స్టేషన్‌లో పేరెక్కితే, చుట్టుపక్కల కోడి పోయినా వాడి గడపకే వస్తారు.

చివరికి ఆ రైతును పిలిపించారు. ఆయన నా ఒళ్లోకి తొంగిచూసి, "గిదేంది సార్! నాది ఐదు హెచ్‌పీది. గీ మగ్గం మోటారు బాయిల ఏస్తే కప్పలు గూడ నవ్వుతయ్," అన్నాడు.

అంతే, ఎస్సై లేచి నా దోస్తు రెండు చేతులూ పట్టుకుని, "మాఫ్ చెయ్యన్నా," అన్నాడు. మా ఇద్దర్నీ, మోటారునూ జీపెక్కించి, సైరన్ మోగిస్తూ మాదిగవాడంతా ఊరేగించాడు.

సరే, ఒప్పుకుంటున్నాను. ఆ మాఫీ, ఆ జీపు నా కల్పన. మిగతాదంతా జరిగిందే. అసలైతే వాడి ఫొటో, వేలిముద్రలు తీసుకుని, "పిలిస్తే రావాలె," అని పంపించారు. ఇప్పటికీ పిలుస్తూనే ఉన్నారు.