వాకోవర్ ఇవ్వని మనిషి

మా సెక్రటరీ అన్న పోయారని నాకు మొదట చెప్పింది తనకల్లు కెప్టెన్. ఒకప్పటి కెప్టెన్‌లే, ఇప్పుడు ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. పొద్దున్నే ఫోన్ చేసి, ఎప్పటిలాగే నన్ను మా ఊరి పేరుతో పిలుస్తూ, "ఏమప్పా కంబదూరు, సెక్రటరీ పోయినాడంట, తెలిసిందా?" అన్నాడు. ఎట్లా అని అడిగాను. "నిద్దర్లోనే పోయినాడంట. పొద్దున లేపితే లెయ్యలేదంట."  తర్వాత అతనే, "ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. ఆ మనిషి మనకు మంచి చేసినాడా, చెడ్డ చేసినాడా?" అన్నాడు. చనిపోయినాయన గురించి పొద్దున్నే అడిగే మాటేనా అది! కసురుకుందామనుకున్నాను. ఎట్లా కసరను? సరిగ్గా అదే ప్రశ్న నా బుర్రలోనూ తిరుగుతోంది.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. మా జిల్లా పల్లె జట్లన్నిటికీ కలిపి ఒక క్రికెట్ సంఘం ఉండేది. తొంభైల చివర్లో మొదలై కొన్నేళ్లు ఎట్లాగో నడిచింది. అధ్యక్షుడు ఒకరు ఉండేవారు గాని, ఆయన ఎన్నికలప్పుడు తప్ప కనపడేవారు కాదు. నడిపిందంతా సెక్రటరీ అన్నే. ఆయన వేరుశనగ రైతు. జన్మలో బ్యాటు పట్టలేదు. మరి సెక్రటరీ ఎట్లా అయ్యారంటే, మొదటి మీటింగులో ఆ పనికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆయన వక్కాకు ఉమ్మి రావడానికి బయటికి వెళ్లిన సందు చూసి అందరం చేతులెత్తి ఆయన్నే ఎన్నుకున్నాం. తిరిగొచ్చి విని, "నన్ను ఒక మాట అడగల్లేదా?" అన్నారు. "అడిగితే వద్దంటావు కదన్నా" అని ఎవరో అన్నారు. "అదీ నిజమే" అని కూర్చున్నారు. అంతే, అట్లా కూర్చున్నవారు సంఘం మూతపడే దాకా లేవలేదు.

మా సీజన్ శెనక్కాయ కళ్లాలు ముగిశాక మొదలయ్యేది, మళ్లీ విత్తనం వేసే వాన పడే దాకా నడిచేది. ఆదివారాల్లో ఆట. ఆయన మోపెడ్ వెనక పిచ్ మీద పరిచే మ్యాటు చుట్ట కట్టుకుని, పక్కలకు మేకులూ సుత్తీ తగిలించుకుని వచ్చేవారు. దూరం నుంచి చూస్తే మ్యాటే మోపెడ్ నడుపుకుంటూ వస్తున్నట్టుండేది. నేల గట్టిపడటానికి ఒక్క బిందెడు నీళ్లు చల్లుదామన్నా ఒప్పుకునేవారు కాదు. ట్యాంకరు కాడ ఆడవాళ్లు వరసలో నిలబడి చూస్తుంటారు, వాళ్ల కళ్ల ముందర నీళ్లు నేలపాలు చేయడానికి మనకేం పుట్టింది అనేవారు.

ఒకసారి పామిడిలో ఆట మధ్యలో వాన పడింది. ఆట ఆపాలా, కొనసాగించాలా అని అంపైర్లు సెక్రటరీ కోసం వెతికారు. మోపెడ్ లేదు, మనిషీ లేడు. మ్యాటు మాత్రం పిచ్ మీద తడుస్తోంది. మర్నాడు కనపడితే నేనే అడిగాను, మ్యాచ్ ఏం చేయాలన్నా అని. "వాన పడినాదప్పా! విత్తనం వేసుకోవద్దా? ఆటదేముంది, వాన లేనప్పుడు ఆడుకుందురు లేండి" అన్నారు. ఆ ఏడు ఛాంపియన్ ఎవరో మాకు తెలియదు. ఆయన్నడిగితే ఆయనకూ తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

అసలు తికమకంతా ఆయన పెట్టిన ఒక పద్ధతితో వచ్చింది. కరువు ఏడాదుల్లో మనుషులు బెంగళూరుకు కూలిపనికి పోయేవారు. జట్లకు పదకొండుమంది దొరికేవారు కాదు. ఏ సంఘంలోనైనా అట్లా తక్కువ పడితే అవతలి వాళ్లకు వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు, ఇచ్చేస్తారు. ఈయన ఇవ్వరు. "ఆడేకి వచ్చినోన్ని ఆడకుండా పంపిస్తే వానికి ఇంకో ఆదివారం యాడిది?" అనేవారు. మన పల్లెల్లో శెనక్కాయ చెట్లు పీకేటప్పుడు ఒక ఇంటివాళ్లు ఇంకొక ఇంటికి బదులు పోతారు కదా, ఆ పద్ధతినే తెచ్చి క్రికెట్‌లో పెట్టారు. తక్కువ పడిన జట్టుకు ఎదుటి జట్టే మనుషుల్ని ఇవ్వాలి. మొదట్లో జట్లన్నీ బంతి కనపడని వాళ్లనీ, పరుగెత్తలేని వాళ్లనీ ఏరి పంపేవి. అది చూసి, "బదులు పోయే ఇంటికి మంచం పట్టినోన్ని పంపుతారా? మీకు సిగ్గుండల్ల" అని తిట్టి, ఆనాటి నుంచి బదులు మనిషిని తనే ఎంచేవారు.

దాంతో ఏమయ్యేదో చెప్తే నవ్వుతారు. మా వికెట్ కీపర్ ఒకసారి పామిడికి బదులు పోయి, మా తరఫున ఆడుతున్న సొంత బావనే స్టంపౌట్ చేసి, ఆకాశం బద్దలయ్యేట్టు అప్పీలు చేశాడు. అంపైరు వేలెత్తాడు. బావ కదలకుండా నిలబడి, "రేయ్, రేపు మా ఇంటికి వస్తావు కదా, రా" అన్నాడు. చూసేవాళ్లకు ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలిసేది కాదు. మా నాయన ఆటకు వచ్చి, సగం దాకా చూసి, "మనోళ్లు ఎవుర్రా వీళ్లల్లో?" అని అడిగి లేచి వెళ్లిపోయేవాడు.

ఇక తనకల్లు కెప్టెన్‌కూ నాకూ మనసులో మెదిలిన ఆ మ్యాచ్ సంగతి. రెండు వేలు దాటాక వచ్చిన కరువుల్లో ఒక ఏడాది. కంబదూరుకు నేను కెప్టెన్ని. మా తమ్ముడు మా ఫాస్ట్ బౌలర్. చివరి ఆదివారం మా ఊరి బయట బీట్లో మాకూ తనకల్లుకూ ఆట. ఎవరు గెలిస్తే వాళ్లదే కప్పు. కప్పు గెలిచిన జట్టు నుంచి ఒక్క మనిషిని సెక్రటరీ జిల్లా సెలక్షన్ క్యాంపుకు పంపుతారు. మా తమ్ముడికి వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. ఆ ఏడు వాడు బంతి వేస్తుంటే చూడటానికే పక్క ఊళ్ల నుంచి వచ్చేవారు. మేం గెలిస్తే వాడు పోతాడు. అందులో ఎవరికీ అనుమానం లేదు.

తనకల్లు వాళ్లు కదిరిలో, అనంతపురంలో, కల్యాణదుర్గంలో బస్సులు మారి వచ్చారు. వచ్చింది ఎనిమిదిమంది. మిగతావాళ్లు బెంగళూరులో బిల్డింగు పనుల్లో ఉన్నారు. మా దగ్గర సొంతూరు కాబట్టి పద్నాలుగుమంది ఉన్నారు. నేను సెక్రటరీ అన్న దగ్గరికి పోయి, "అన్నా, ఈ ఒక్క పొద్దు వాకోవర్ ఇయ్యి. అంతటా రూలు అదే కదా" అన్నాను.

"మన రూలు చేసింది నేనే కదప్పా. ముగ్గుర్ని ఇయ్యి. అందులో నీ తమ్ముడు ఒగడు."

నేను మోపెడ్‌కు అడ్డం నిలబడ్డాను. "ఎవుర్నన్నా తీసుకోన్నా, వాడొద్దు. వాడు ఈ పొద్దు మా తట్టు గెలిస్తేనే క్యాంపుకు పోయేది. నీకు తెల్దా?"

"తెల్సు" అన్నారు. ఆ ఒక్క మాటే. మోపెడ్ మీది మ్యాటు తాడు విప్పడంలో పడిపోయారు. తమ్ముడు నా మొహం చూశాడు.  వాడు టోపీ సర్దుకుని అటు పక్కకు నడిచాడు.

ఆట గురించి ఎక్కువ చెప్పను. తనకల్లు కొట్టిన పరుగులు మరీ ఎక్కువేం కాదు. మేం వెంటాడుతూ వెంటాడుతూ దగ్గరికి వచ్చాం. మా వాళ్లలో సగంమందిని వాడే ఔట్ చేశాడు. ఆఖరికి నేను, మా కీపర్ మిగిలాం. గెలుపు రెండు ఫోర్ల దూరంలో ఉంది. బంతి మా తమ్ముడి చేతిలో ఉంది. అంత వేగంగా వాడు వేయడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నా మధ్య వికెట్టు పోయింది. తనకల్లు వాళ్లు వాణ్ని ఎత్తుకున్నారు. వాడు దించమని కాళ్లు కొట్టుకున్నాడు.

అయిపోయిందా అంటే, లేదు. సెక్రటరీ అన్న లేచి, "గెల్సిన జట్టులో బాగా ఆడినోడు క్యాంపుకు పోతాడు" అని మా తమ్ముడి భుజం మీద చెయ్యేశారు. ఎవరికీ ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు జట్లూ ఒక్కసారి లేచాయి. తనకల్లు కెప్టెన్, "వాడు మావోడు కాదు కదన్నా! మా చోటు వానికి ఎట్లిస్తావు?" అన్నాడు. మా వాళ్లు, "మాకూ వాడు మావోడు కాదులే పో" అన్నారు. నేను వాడి అన్నను, కంబదూరు కెప్టెన్ని. సంతోషపడాలో, కొట్టాలో తెలియక బ్యాటు పట్టుకుని నిలబడ్డాను. ఇంటికి పోతే నాయన వాణ్ని పైనుంచి కింది దాకా చూసి, "ఏ ఊరోడివిరా నువ్వు?" అన్నాడు. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు.

వాడు క్యాంపుకు వెళ్లాడు. జిల్లాకు మూడు సీజన్లు ఆడాడు. ఇప్పుడు అనంతపురంలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతున్నాడు. కంబదూరు మాత్రం ఆ తర్వాత ఒక్కసారి కూడా కప్పు గెలవలేదు. తనకల్లు గెలిచింది గాని, వేరే ఊరివాడి చేత్తో గెలిచిన కప్పని వాళ్లే దాన్ని బడి బీరువాలో పెట్టి మర్చిపోయారు. లెక్క ఎట్లా వేసుకోవాలో మీరే చెప్పండి.

కొన్నేళ్ల తర్వాత మార్కెట్ యార్డులో ఆయన శెనక్కాయల మూటల మీద కూర్చుని కనపడితే అడిగేశాను. "ఆ పొద్దు ఎందుకన్నా అట్ల చేసినావు? మా కప్పు పోగొట్టేకా, మా వాన్ని పైకి పంపేకా?" ఆయన ఒక శెనక్కాయ వొలిచి నోట్లో వేసుకున్నారు. "తెల్దప్పా" అన్నారు. "ఎనిమిదిమంది అంత దూరం నుంచి వచ్చినారు. వాళ్లని ఉత్తిగ పంపేకి మనసొప్పలేదు. ఆ తర్వాత అయ్యిందంతా దానంతట అదే అయ్యింది. నువ్వైతే ఏం చేస్తాంటివి?"  టీ తాగించి పంపారు. ఆయన అంటే నాకు కోపం ఉండేది. ప్రేమ కూడా ఉండేది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉన్నాయి.

మొన్న ఆయనకు మట్టి ఇచ్చి, తమ్ముడూ నేనూ తిరిగి వస్తూ కల్యాణదుర్గంలో ఆగాం. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని మాట అడిగాను. "నన్ను ఔట్ చేసిన బంతి కొంచెం మెల్లగా వేసింటే నీకేం పోయేదిరా?"

 "సెక్రటరీ కూడా అదే చెప్పినాడన్నా" అన్నాడు.

"యామని?"

"ఆ ఓవర్ వేసేకి ముందర నీళ్లు తాగేకి బౌండరీ కాడికి పోయింటి. చెంబు ఇచ్చి, 'నిన్ను వాళ్లకిచ్చి తప్పు చేసినానేమోనప్పా. మెల్లగా వేసుకో, మీ అన్నను గెల్సనీ. నేను చూడను పో' అన్నాడు."

"మరి?"

"అట్ల అన్నాక మెల్లగా ఎట్ల వేసేదన్నా?" అన్నాడు.  నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఆ మాట ఆయన బాధపడే అన్నారా, వీడి రోషం తెలిసే అన్నారా? ఇంక అడగడానికి మనిషి లేడు. ఒక్కటి మాత్రం ఇప్పుడు కళ్లకు కడుతోంది. ఆ బంతికి ముందు ఫీల్డర్లు ఎక్కడెక్కడున్నారో చూసుకుంటూ బౌండరీ వైపు చూశాను. సెక్రటరీ అన్న ఆటకు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. మబ్బు కోసం చూస్తున్నారేమో అనుకున్నాను. నా వికెట్టు ఎగిరింది. తనకల్లు వాళ్లు అరుస్తూ పరుగెత్తారు. ఆయన తిరగలేదు. తల మీద తువ్వాలు వేసుకుని, విత్తనం పడని ఆ బీడు వైపే చూస్తూ అట్లాగే కూర్చున్నారు.