అతుకు కింద పాత పోగు

పెద్దనాయన పోయారని మధ్యాహ్నం ధర్మవరం నుంచి కబురు వచ్చింది. ఫోను పెట్టేసి అమ్మ నా వైపు తిరిగింది. "నీ నోటిమాట ఊరికే పోలేదు కదే" అంది. ఏటా స్కాను తీయించమని పోరినందుకు మా ఇంట్లో నేను అపశకునం. అంతకుముందు, బెంగుళూరు షికార్లకు పెద్దనాయనను సాకు చేసుకున్న పిల్లను.

ఆయన పట్టుచీరలు నేసేవారు. నేను డిగ్రీలో చేరిన ఏడు, గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళంలో ఆయనకు లోపలి పొర చీలింది. ఆపరేషన్ చేసి, పైభాగం తీసేసి గుడ్డ గొట్టం కుట్టారు. తెలివి వచ్చాక ఆయన డాక్టరును అడిగిన మొదటి మాట: "ఈ గొట్టం ఏ మగ్గంలో నేసినారు సార్?"

డాక్టరు నవ్వారు. తర్వాత నిదానంగా చెప్పారు. కింద చీలిక అట్లే ఉంది, ఆ పాత గోడ ఏళ్లు గడిచేకొద్దీ సాగుతుంది, నొప్పి లేకున్నా ఏటా చూపించుకోవాలి. ఇది కుటుంబాల్లో రావచ్చు, తమ్ముడు కూడా చూపించుకుంటే మంచిది.

ఆ తమ్ముడే మా నాయన.

మొదట్లో ఏటా పెద్దనాయన, నేను స్కానుకు బెంగుళూరు ఆసుపత్రికి బస్సులో పోయేవాళ్లం. తెర మీద ఒకే నాళంలో నెత్తురు రెండు పాయలుగా పారేది. "మన చిత్రావతి ఏరు మాదిరే ఉండాదే పాపా. దీంట్లో నీళ్లుండాయి, అంతే" అనేవారు. తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు నాకే. "కాలు నిలవని పిల్లకు కన్నన్నా నిలవాల." పెనుకొండ గుట్టలు ఎండలో తేలిపోతుంటే ఆయన కునికేవారు. నిద్రలోనూ వేళ్లు కనపడని పోగులను మెలిపెట్టేవి.

మగ్గంలో నిలువు పోగుల పాత పడుగు కొసలకు కొత్త పడుగును పోగు పోగుగా, వేళ్లకు బూడిద అద్దుకుని అతుకుతారు. అతికాక ఆయన మెల్లగా గుంజి చూసేవారు. అతుకు నిలిస్తే ఇక దిగులు లేదు. తన ఒంటినీ అట్లే నమ్మారు. "అతుకు గట్టిగుండాది. ఇంగ స్కానెందుకు పాపా?" అని రావడం మానేశారు. అతుకు చివరిదాకా నిలిచింది. దాని కింద పాత నాళమే చడీచప్పుడు లేకుండా ఉబ్బి, పగిలింది.

దినాలు అయ్యాక నాయనతో స్కాను మాట ఎత్తాను. "నన్ను గూడా పంపించేకి చూస్తాండావా?" అన్నాడు.

పెద్దనాయన మగ్గం గదిలోకి పోయి కూర్చున్నాను. సగం నేసిన చీర అట్లే ఉంది. కిటికీ గాలికి పడుగు పొంగుతోంది, దిగుతోంది, ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు.

సోమవారం బస్సుకు రెండు టికెట్లు తీశాను. నాయనకూ, నాకూ స్కాను.