నాటడానికని చెప్పిన టెంకలు

మూడు రోజుల ముసురు వదిలి ఆ ఉదయం ఎండ వచ్చింది. కాపు అయిపోయిన తోతాపురి చెట్లకు ఎండుకొమ్మలు కొట్టిస్తున్నాను. పెద్దమ్మ మనవడు గట్టు మీదికి వచ్చి, "చిన్నాయనా, అవ్వ పోయింది. కాఫీ ఇచ్చేదానికి లేపితే లేయలా" అన్నాడు. కూలీలు కొడవళ్ళు కింద పెట్టారు. నేను కాళ్ళు కడుక్కుని వాడి వెంట నడిచాను.

ఆమె మాకు వరసకు పెద్దమ్మ. మా ఇంటి పక్క ఇల్లు. కరువు మీద తీసిన ఒక పాత డాక్యుమెంటరీని మీలో ఎవరైనా చూసి ఉంటే, వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఆమే. మాకు మాత్రం ఆమె నోరే గుర్తు. పిల్లలు మామిడిపండు సగం చీకి పారేస్తే, "ఒరే, ఇంకా కండ ఉండాది కదరా! మీ నాయన జమీందారనుకుంటివా?" అనేది. తిడుతున్నా నవ్వొచ్చేది.

ఆ కరువు రోజుల్లో నేను చిత్తూరులో ఇంటర్ చదువుతున్నాను. పెద్దమ్మకు అప్పటికే భర్త లేడు, ఇద్దరు కొడుకులు. బంగారుపాళ్యం దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనక పారబోసిన టెంకలు ఏరి తెచ్చేది. పగలగొట్టి, లోపలి జీడిని వగరు పోయేదాకా నానబెట్టి, ఎండబెట్టి, దంచి అంబలి కాచేది. మేమూ అదే తిన్నాం. మేము తలుపు వేసుకుని తిన్నాం, ఆమె వాకిట్లో కాచింది.

మద్రాసు నుంచి కెమెరాతో వచ్చినాయన ఆమెనే తీశాడు. సినిమా పట్నంలో చూపించాక గొడవ మొదలైంది. జిల్లా పరువు తీశారని కొందరు, ఆమె చేత చెప్పి చేయించారని కొందరు. నిజమేమిటో తేల్చడానికి ఒక ఆఫీసరు వస్తున్నాడన్నారు. నిజమని తేలితే మా ఊళ్ళో గంజి కేంద్రం పెడతారు. అప్పుడే మా అక్కకు పుత్తూరు సంబంధం కుదిరింది.

ఆఫీసరు వచ్చే ముందురోజు నాయన, నేను పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం.

"వదినా, టెంకలు నాటేదానికి ఏరుకొచ్చినానని చెప్పు. నారు పోసేదానికి అందురూ ఏరతారు కదా" అన్నాడు నాయన.

"మరి అంబలో?"

"సినిమావోళ్ళు కాయమంటే కాసినానని చెప్పు."

"గంజి వస్తే పిల్లకాయలు తాగుతారనుకుంటిని కదప్పా."

"గంజి నాలుగు నాళ్ళ ముచ్చట. టెంకలు తినే ఊరని పేరు పడితే మన ఆడపిల్లల్ని ఎవురు చేసుకుంటారు?"

పెద్దమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "నీ కూతురు నా చంకలో పెరిగింది. చెప్తాలే, పో" అంది.

చెప్పింది. సినిమా అబద్ధమని రాసుకుపోయారు. గంజి కేంద్రం పక్క ఊరికి పోయింది. ఆ వేసవిలోనే పెద్దమ్మ చిన్నకొడుకు చనిపోయాడు. జ్వరమని అందరం చెప్పుకున్నాం. సినిమా తీసినాయన మళ్ళీ వచ్చి, "నేను కాయమన్నానా అమ్మా?" అని అడిగాడు. పెద్దమ్మ తలెత్తకుండా చెరుగుతూనే ఉంది. చాటలో చెరగడానికి పెద్దగా ఏమీ లేదు.

అక్క పెళ్ళికి పెద్దమ్మే తెల్లవార్లూ పొయ్యి దగ్గర నిలబడి వండింది. అందరూ తిన్నాక అమ్మ ఆకు వేసి పిలిస్తే, "నీళ్ళియ్యి చెల్లీ, చాలు" అంది. ఆనాటి నుంచి మా ఇంట్లో ముద్ద ముట్టలేదు. అక్క కాన్పుకు వస్తే రోజూ వచ్చి బిడ్డకు నీళ్ళు పోసింది. కూటి వేళకు తన ఇంటికి పోయేది. ఎందుకని మేము అడగలేదు. నాయన పోయేదాకా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండేళ్ళ కిందట మనవడు ఆ సినిమాను ఫోన్లో పట్టుకుని చూపించాడు. పొయ్యి వెనకాల గోచీ పిల్లవాడు ఒకడు ఇటు నుంచి అటు పరుగెత్తాడు. పెద్దమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"మళ్ళా ఎయ్యి" అంది.

వాడు మళ్ళీ వేశాడు.

"నిజంగా తింటిరా అవ్వా?"

"నాటేదానికిరా" అంది, నా వైపు చూడకుండా.

"మన వాకిట్లో ఒక్క మామిడి చెట్టన్నా లేదే?"

"ఒకటీ మొలవలా."

నేను ఆ పక్కనే కూర్చుని ఉన్నాను. నిజం చెబితే ఇప్పుడు ఎవరి పెళ్ళీ ఆగదు. అయినా నోరు తెరవలేదు.

పెద్దమ్మను పూడ్చి వచ్చాక అందరం అరుగు మీద కూర్చున్నాం. అక్క, బావ పుత్తూరు నుంచి వచ్చారు. ఎవరో సినిమా మాట ఎత్తితే బావ నవ్వాడు.

"ఆ ఏడు మా ఇంట్లోనూ ఆ అంబలే కదప్పా. మీకు తెలిస్తే యాడ పిల్లనియ్యరో అని, మీరు వచ్చినరోజు మా అమ్మ జీడిపిండి కుండ తీసుకపోయి గడ్డివాములో దాచిపెట్టె."

అరుగు మీద వాళ్ళు కూడా నవ్వారు. అక్క నా వైపు చూసింది. నాయన ఆనాడు పెద్దమ్మను ఏమడిగాడో అక్కకు తెలుసు.

బావ నాలుగు గంటల బస్సుకు పుత్తూరు వెళ్ళిపోయాడు. అక్క వెళ్ళలేదు. మూడో రోజు పెద్దమ్మను పూడ్చిన చోట పాలు పోశాకే, ఉదయం బస్సుకు వెళ్ళింది.