సిల్వర్ ఓక్ వరస వంగిన చోట

ఉదయం ఆరూ యాభైకి విశాఖలో బయల్దేరాల్సిన కిరండూల్ పాసింజర్ ఆ రోజు ఏడున్నరకు కదిలింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త, ఆగస్టు నెల. అరకు అవతల ఒక కొండవాలు కింద గిరిజన ఆడపిల్లలకు హాస్టల్ కడతారట. ఆ వాలు జారదని కాగితం మీద సంతకం పెట్టడం నా పని. జారదని మా ఆఫీసు కంప్యూటర్ ముందే తేల్చేసింది. ఇక నేను వెళ్లడమంటే పెళ్లయ్యాక జాతకాలు చూడడమే.

వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ పట్టుకోండి, లోయంతా అటే. శృంగవరపుకోట దాటగానే సొరంగాలు మొదలయ్యాయి. ఒక్కో సొరంగంలో ఒక్కో పిక్నిక్ గుంపు గొంతు చించుకుని అరిచింది. చీకటి ఎప్పుడూ చూడనట్టు! ఆ గోల వినలేక నా రిపోర్టులో రంగురంగుల బొమ్మ ఉన్న పేజీ తెరిచాను. ఎదురు సీట్లో బుట్ట పట్టుకున్న ముసలాయన తొంగి చూశాడు.

"ఏటి బాబూ ఇది, సీర డిజైనా?"

"కాదు తాతా, కొండ."

"కొండా? మరి సెట్లేవి?"

"చెట్లు లెక్కలోకి రావు" అన్నాను. ఎంత పొగరండీ నాకు! ఆయన బొర్రాలో దిగిపోయాడు.

మా లెక్క సంగతి చెప్పాలి. కొండను కంప్యూటర్‌లో చిన్న చిన్న ముక్కలుగా కోస్తాం. ఒక్కో ముక్కకూ మట్టి బలం, బరువు, నీటి మట్టం ఇస్తాం. నిలబెట్టే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే ఒకటికి పైన రావాలి. మాకు ఒకటిన్నర వచ్చింది. ఆరు నెలలు కూర్చుని, రంగులద్ది, అట్టవేసి బైండు చేయించాం. రంగులు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి.

పదకొండున్నరకు అరకులో దిగాను. కాంట్రాక్టరు సూపర్‌వైజరు అప్పారావు జీపుతో సిద్ధంగా ఉన్నాడు. జీపుతోపాటు స్టాంపు ప్యాడ్ కూడా తెచ్చాడు మహానుభావుడు.

"బేగి సంతకం పెట్టీండి సార్, బొంగు సికెన్ సెప్పేసినాను" అన్నాడు.

స్టేషను ఎదుట రెండు ఇడ్లీలు తిని బయల్దేరాం. గంటన్నర గతుకుల దారి, సన్నటి వాన. వాలు దగ్గర కాఫీ తోటలో కలుపు తీస్తున్న సోములమ్మ అనే ఆవిడ మమ్మల్ని చూసి లేచి వచ్చింది. ఆ తోట ఆవిడదే. ఆవిడ కూతురు ఆరో తరగతి. హాస్టల్ కడితే ఆ పిల్ల ఉండేది అందులోనే.

"కొండ జారదని రాసేత్తావా బాబూ?" అని సూటిగా అడిగింది.

"లెక్క కట్టాంగా" అన్నాను.

ఆవిడ నన్ను పైకి తీసుకెళ్లింది. కాఫీకి నీడ కోసం నాటిన సిల్వర్ ఓక్ చెట్ల వరసలు వాలుకు అడ్డంగా ఉన్నాయి.

"ఆఫీసరుబాబులు తాడు కట్టి మరీ నాటించినారు. నాటింది మేమే. ఇప్పుడేటయిందో సూడు."

చూశాను. రెండు కొసలూ తాడు కట్టినట్టే ఉన్నాయి. నడిమి పదిహేను చెట్లు మట్టితో సహా బారెడు కిందికి దిగి, వరస సాగిన దండెంలా వంగింది. పైన బండ కింద నుంచి నీరు ఊరి, చెప్పుల్లోకి వస్తోంది.

"వానలకి ఇలగే ఊరతాది. మీరెప్పుడొచ్చి సూసినారు?"

"నిరుడు మే నెలలో."

సోములమ్మ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మే నెల ఘనకార్యం నాదే. సెలవుల్లో పెళ్లాం పిల్లల్ని చల్లటి చోటికి తిప్పినట్టూ ఉంటుందని, మట్టి పరీక్ష అప్పుడు పెట్టించాను. బోరు వేసేవాళ్లను కొండకు పంపి, నేను గెస్ట్‌హౌస్ వరండాలో పకోడీలు తిన్నాను. బోరు ఎండిపోయి ఉందన్నారు. నీటి మట్టం దగ్గర సున్నా కొట్టాను.

"సెట్లదేటుంది సార్, వంగుతాయి. సంతకం కానియ్యండి" అన్నాడు అప్పారావు, ప్యాడ్ మూత తీసి. కాగితం నాతోనే ఉంచుకున్నాను. వాడు దారంతా మూతి ముడుచుకున్నాడు. బొంగు చికెన్ వాడే తిన్నాడు.

నాలుగున్నరకు తిరుగు బండి. పొద్దుటి గుంపులే, గొంతులు పోయి పడుకున్నాయి. శిమిలిగుడ దాటాక రిపోర్టు వెనకట్ట మీద పెన్సిల్‌తో లెక్క మొదలుపెట్టాను, వాలంతా నీరు నిండిందనుకుని. ఐదు వరసల్లో అయిపోయింది. ఒకటిన్నర కాస్తా ముప్పావుకు పడింది. పునాదులకని ఆ వాలు పాదం తవ్వితే ఇక చెప్పేదేముంది! ఆరు నెలలు కంప్యూటర్‌ను కాల్చుకు తిన్న మేధావులం, బొర్రా స్టేషను వచ్చేలోపు తేలే సంగతి తేల్చలేకపోయాం. తప్పు కంప్యూటర్‌ది కాదు. సున్నా పెట్టినందుకు సున్నాకు తగ్గ జవాబే ఇచ్చింది.

అరకు వెళ్లాలనుకునేవాళ్లు వానల్లో వెళ్లండి. ఎండల్లో చూసొచ్చి కొండ గట్టిదని చెప్పేవాణ్ని నమ్మకండి. వాడు ఇంజనీరైతే అసలే నమ్మకండి.

కాగితంలో 'వాలు స్థిరముగా నున్నది' అని టైపు కొట్టి ఉంది. అది కొట్టేసి 'జారుతోంది, ఇక్కడ పిల్లల్ని పడుకోబెట్టకూడదు' అని రాసి సంతకం పెట్టాను. సోమవారం మా డైరెక్టరు నా కుర్చీ లాగేస్తాడేమో, లాగనీ. తర్వాత మా రంగుల కొండ తెరిచి, నడుమ వంగిన వరసగా చెట్లు గీశాను.