నా థీసిస్‌లో మునిరత్నం మామ మాట

మునిరత్నం మామ లేడు.

నిన్న పొద్దున తిరువళ్ళూరులో మా కాలేజీలో ఎంబీఏ పిల్లలకి క్లాసు చెప్తున్నాను. అమ్మ ఫోన్. కట్ చేశాను. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాను. మూడోసారి బయటికొచ్చి ఎత్తితే అమ్మ ఏడుపే తప్ప మాట లేదు.

పాలు పితికి సొసైటీకి బయల్దేరుతూ గడప దగ్గర కూలబడ్డాడట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. మామ అంటే మా అమ్మ తమ్ముడు. తిరుత్తణి దగ్గర మా ఊరి పాల సొసైటీలో టెస్టర్. జనం తెచ్చిన పాలలో ఫ్యాట్ ఎంతుందో మిషన్‌లో చూసి రాయడం ఆయన పని. ఆ అంకెను బట్టే పాలకి రేటు. ఎనిమిదో క్లాసు దాకా చదివాడు.

ఈ వాట్సాప్ గ్రూపులో అందరూ ఓం శాంతి పెడుతున్నారు. నేనూ ఒక ఫోటో పెట్టి ఊరుకోవచ్చు. కానీ ఇది చెప్పకపోతే నాకు ముద్ద దిగేట్టు లేదు.

నా పీహెచ్‌డీ మేనేజ్‌మెంట్‌లో. పాల సొసైటీని నడిపేవాళ్ళ మీద మెంబర్లకి ఎంత నమ్మకం ఉంది అన్నది టాపిక్. సొంత ఊరు, సొంత మామ, పని సులువుగా అయిపోతుందని ఎంచుకున్నాను. నిజం అదే.

పొద్దున్నే పాల క్యూలో అందరికీ ఫారాలు పంచాను. జనమంతా ఒకే చోట దొరుకుతారు కదా. నాలుగు రోజుల్లో సంచి నిండింది. ఇంటికొచ్చి చూస్తే అందరూ అన్నిటికీ 'స్ట్రాంగ్లీ అగ్రీ'. సెక్రటరీ మంచివాడు, టెస్టింగ్ కరెక్ట్, అంతా బాగుంది.

నేను గాల్లో తేలిపోయాను. ఇంత క్లీన్ డేటా మా బ్యాచ్‌లో ఎవరికీ రాలేదు.

మామకి చూపించాను. కాసేపు ఒక్కో ఫారమూ తిప్పి చూశాడు.

"ఇదంతా సుమ్మా పాపా, ఉత్తదే. పాలు నా ముందర పెట్టుకోని నా మీద ఎవురు చెప్తారు? నేను లేనప్పుడు వాళ్ళ కొట్టం కాడికి పోయి అడుగు."

నాకు ఒళ్ళు మండింది. రీసెర్చ్ గురించి నీకేం తెలుసు మామా అన్నాను. మామ ఏమీ అనుకోలేదు. కాఫీ తాగి పొమ్మన్నాడు.

వారం రోజులు మొండికేశాను. ఎంత మొండికేసినా ఆయన చెప్పింది నిజమని నాకు తెలుస్తూనే ఉంది. ఫారాలన్నీ కట్టకట్టి అటక మీద పడేసి మళ్ళీ మొదలుపెట్టాను.

రెండు నెలలు మామే మోపెడ్ మీద తిప్పాడు. వీధి మొదట్లో దించి, అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోయేవాడు. తను కనిపిస్తే వాళ్ళు నోరు విప్పరని.

కొట్టాల దగ్గర జనం పేడ ఎత్తుతూ, గడ్డి వేస్తూ అన్నీ చెప్పారు. ఎక్కువమంది చెప్పింది మామ గురించే. మిషన్‌లో అంకె ఎవరికీ చూపించడు, ఆయన రాసిందే రాత, అడిగితే కసురుతాడు అని.

తన మీద ఏం చెప్పారని మామ ఒకే ఒకసారి అడిగాడు. అది చెప్పకూడదు మామా, రూల్ అన్నాను.

"అట్లయితే ఏందో చెప్పినారు" అని నవ్వాడు.

తర్వాతి వారం వెళ్ళి చూస్తే మిషన్ జనం వైపు తిరిగి ఉంది. మామ ఒక్కొక్కరి అంకె పైకి చదివి మరీ రాస్తున్నాడు.

అలాంటి మనిషికి నేను చేసింది ఇది.

చెన్నైలో నా వైవా. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికీ పాలకోవా కట్టించుకుని ట్రైన్‌లో వచ్చాడు. వెనక వరసలో కూర్చున్నాడు. ఇంగ్లీషులో నడుస్తున్నంతసేపూ ఊరికే నా ముఖం చూస్తూ ఉన్నాడు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ తెగ మెచ్చుకున్నాడు. మొదటి డేటా పక్కన పెట్టి మళ్ళీ ఇళ్ళకి వెళ్ళి అడగడమే ఈ థీసిస్‌కి బలం అన్నాడు. ఆ ఆలోచన ఎలా వచ్చిందమ్మా అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న తమిళంలో అడిగాడు.

తమిళం మామకి నాకన్నా బాగా వచ్చు.

ఫీల్డ్‌లో ఉండగా నాకే తట్టింది సార్ అన్నాను. నేనూ తమిళంలోనే అన్నాను.

అంతమంది చదువుకున్నవాళ్ళ ముందు, ఎనిమిదో క్లాసు మామ చెప్పాడనడానికి నామోషీ పడ్డాను. వేరే కారణం ఏమీ లేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

మామ అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. బయటికొచ్చాక నా తల నిమిరి, కోవా నోట్లో పెట్టాడు. దాని గురించి ఆరోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

థీసిస్ మొదట్లో థాంక్స్ చెప్పే పేజీ ఒకటి ఉంటుంది. అందులో మా గైడ్ ఉన్నాడు, ప్రిన్సిపాల్ ఉన్నాడు, లైబ్రేరియన్ ఉన్నాడు, టైపింగ్ చేసినతను కూడా ఉన్నాడు. మామ లేడు.

బుక్కు ఒకటి తెచ్చివ్వమని మామ అడుగుతూనే ఉన్నాడు. తెస్తా మామా అంటూనే ఉన్నాను. ఆ పేజీ తిప్పితే తన పేరు వెతుక్కుంటాడని భయం. నాలుగేళ్ళు అలాగే దాటేశాను. మొన్న ఆదివారం ఫోన్‌లో కూడా అడిగాడు. వచ్చే వారం అన్నాను.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక, అత్త నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"మా పాప బుక్కులో నా మాట ఒకటి ఎక్కిందని ఊరంతా చెప్పుకోని తిరిగినాడు మీ మామ. అది యాడుందో నాకు ఒక్కసారి చూపిస్తావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వచ్చేశాను.

అత్తా, అది మూడో చాప్టర్‌లో ఉంది. నా పేరు మీద ఉంది.

మామా, ఆ మాట నీది. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

పోయిరా మామా. నువ్వెక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.