మేస్త్రీ లేని చెక్క బాయిలర్

ఎవరికన్నా దయ్యం పట్టిందంటే, "ముందు వానికి కడుపు నిండా సంగటి పెట్టండి, తర్వాత చూద్దాం" అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. అయినా హిందూపురంలో ఆ మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు చెప్తాను. మీరేమన్నా అనుకోండి.

అరవైల్లో మాట. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం గుంతలో కూర్చుంటే నాకు నడుముకన్నా ముందు బుర్ర తిమ్మిరెక్కేది. అందుకే హిందూపురంలో ఒక నూనె మిల్లులో బాయిలర్ పనికి చేరినాను. పరీక్ష పాసైతేనే పని ఖాయం. రెండుసార్లు తప్పినాను. "ఇంగొకసారి తప్పితే నీ గుంత నీకుండాది, వచ్చి కూర్చో," అన్నాడు మా నాయన.

మాకు పని నేర్పేవాడు కిష్టప్ప మేస్త్రీ. రైలింజన్లకు బొగ్గేసి రిటైరైన మనిషి. మాలాంటోళ్లు నిజం బాయిలర్ మీద నేర్చుకుంటే మిల్లు కప్పు ఎగిరిపోతాదని ఒక చెక్క బాయిలర్ చేసినాడు. పెద్ద పలక మీద ప్రెజర్ చూపించే ముల్లు, పక్కన నీళ్ల గాజుగొట్టం, కింద కొళాయిలు, పొయ్యిలో మంట లాగే కడ్డీ. గొట్టంలో నీళ్లకు బదులు ఎర్ర రిబ్బను. ఆయన పలక వెనకాల కూర్చుని దారాలు లాగితే ముల్లు లేచేది, రిబ్బను దిగేది. ఆవిరి చప్పుడు మాత్రం నోటితోనే. "స్స్స్" అని మొదలుపెట్టి, వక్కాకు అడ్డమొచ్చి దగ్గుతో ముగించేవాడు. మేము ముందర నిలబడి ఏ కొళాయి తిప్పాల్నో తిప్పాల.

నా తప్పు ఎప్పుడూ ఒకటే. గొట్టంలో నీళ్లు కనబడకుండా పోతే ముందు కడ్డీతో పొయ్యిలో మంటంతా బయటికి లాగేయాల. కాలిన ఇనుము మీద నీళ్లు వదిల్తే బాయిలర్ పేలిపోతాది. నేను మాత్రం నీళ్ల కొళాయి మీదికే ఉరికేవాణ్ణి. "ఏమప్పా, దాహమైతే కుండ ఆడుండాది," అనేవాడు మేస్త్రీ.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం పోయి పలక ముందర నిలబడినాను. పలక వెనకాల నుంచి దగ్గు వినబడింది. "నేనే మేస్త్రీ, కానీండి," అన్నాను. ముల్లు లేచింది, రిబ్బను దిగింది. నేను అలవాటు ప్రకారం నీళ్లు వదిలినాను. వెనకాల ఎవరో "ప్చ్" అన్నారు. మళ్లీ మొదలు, మళ్లీ తప్పు. ఎన్నిసార్లయిందో లెక్కలేదు. ఆ రోజు ఆవిరి చప్పుడు ఎంత నిజంగా ఉండిందంటే నాకు ఒళ్లంతా చెమటలు పట్టినాయి. కడకు నా చెయ్యి నీళ్ల కొళాయి దాకా పోయి, వెనక్కొచ్చి, మంట లాగే కడ్డీ పట్టుకుంది. ముల్లు నిదానంగా దిగింది.

సంతోషం పట్టలేక, మేస్త్రీ కాళ్లకు మొక్కుదామని పలక వెనక్కి పోయినాను. ఎవరూ లేరు. పలకకు ఒక్క దారం కూడా లేదు, వట్టి మేకులే. బయటికి ఎట్లొచ్చి పడినానో నాకే తెలీదు, చెప్పులు ఆడనే వదిలేసినాను.

పొద్దు గుంకినాక మేస్త్రీ వచ్చినాడు. పాత దారాలు తెగిపోతాండాయని పొద్దున్నే విప్పి, నమూనా చూపించి గట్టి దారాలు కొనేదానికి వాటిని జేబులో వేసుకుని ధర్మవరం పోయినాడంట. తిరిగొచ్చే రైలు పెనుకొండలో నిలబడిపోయింది. ఇంజన్ ఎట్లా నడపాల్నో డ్రైవరుకు చెప్పబోయి, మధ్యాహ్నమంతా ఆడ తిట్లు తిన్నాడంట. అదే రైల్లో వచ్చిన మా మిల్లు గుమస్తా ఇదంతా చూసినాడు. నేను జరిగింది చెప్తే మేస్త్రీకి భయం వేయలేదు, కోపమొచ్చింది. "నేను లేనప్పుడు నా బాయిలర్ ముట్టిందెవడు?" అన్నాడు.

మర్నాడు పరీక్ష నిజం బాయిలర్ మీద. గొట్టంలో నీళ్లు కనబడకపోతే ఏం చేస్తావని ఇన్‌స్పెక్టరు అడిగినాడు. నేను నోరు తెరిచేలోపలే నా చెయ్యి కడ్డీ మీద ఉండింది. పాసైనాను. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడలేదు.

మేస్త్రీ నన్ను పక్కకు పిల్చి, గొంతు తగ్గించి అడిగినాడు. "నిజం చెప్పబ్బా. ఆవిరి చప్పుడు వాడు నాకన్నా బాగా చేసినాడా?"

పలక వెనకాల ఉండిందెవరో, దారాల్లేకుండా ముల్లు ఎట్లా లేచిందో నాకు ఈ రోజుకూ అంతుబట్టలేదు. కానీ మేస్త్రీ మొహం చూస్తే జాలేసింది. "యాడ మేస్త్రీ, మీ ముందర వాడెంత," అన్నాను.

అది అబద్ధం. ఆ మధ్యాహ్నం నాకు పని నేర్పింది ఎవరైనా సరే, ఈ ఒక్క మాటకు నన్ను మన్నించాల.