గడి దొర గ్యాసునూనె బావి

యుద్ధం వచ్చి దీపాలకు గ్యాసునూనె కరువైన రోజులవి. ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరి దొర, ఒక ముసలవ్వ చేనిలోని గుంటనీళ్ల మీద రంగురంగుల తెట్టె తేలిందని, అది భూమిలోంచి ఊరే నూనేనని సర్కారుకు అర్జీ పెట్టాడు. నేను భూగర్భ శాఖలో చిన్న ఉద్యోగిని. చూసి రమ్మన్నారు. కామారెడ్డిలో రైలు దిగి బస్సెక్కాను.

నాకంటే ముందే దొర ఉండే గడిలో ఒక నిపుణుడు తిష్ఠ వేసి ఉన్నాడు. బర్మాలో నూనెబావులు చూశానని చెప్పుకుంటూ, పూటపూటకూ కోడికూర మింగే పట్నం పెద్దమనిషి. చేనిలో దొరికిన సున్నపు గడ్డ మీద నిమ్మకాయ పిండాడు. అది బుసబుస పొంగింది.

“చూడండి దొరా! సముద్రపు సున్నపురాయి. లోపలి గ్యాసు ఎలా తన్నుకొస్తోందో!”

దొర నోరు తెరిచాడు. నాకు నవ్వాగలేదు.

“సున్నం మీద పులుపు పడితే ఏడనైనా పొంగుతది దొరా. నూనె పుట్టాలంటే ఒకప్పుడు ఈడ సముద్రం ఉండాలె. చచ్చిన జీవాలు గాలి తగలకుండ బురదల పూడి, ఎంతో లోతుకు దిగి ఉడకాలె. నూనె నిలవనీకి సున్నపురాతిల సందులుండాలె, మీద గట్టి మూత ఉండాలె. ఈ గడ్డలు మట్టిల పేరినయి. కింద ఉన్నది ఉత్త బండ.”

గుంట దగ్గరికి తీసుకుపోయి తెట్టెను పుల్లతో కొట్టాను. పెళుసుగా ముక్కలై అలాగే ఉండిపోయింది. నూనె అయితే మళ్లీ కలిసిపోయేది. ఇది నీళ్లలోని ఇనుపతుప్పు అన్నాను.

“నౌకరోనివి, నాకు నేర్పుతవా? బర్మా చూసినాయన కంటే నీకెక్కువ ఎరికనా?” అని దొర గద్దించాడు.

మరునాడే వెట్టివాళ్లతో తవ్వకం మొదలుపెట్టించాడు. గట్టు మీద అవ్వ నా కాళ్లు పట్టుకోబోయింది.

“జొన్న కోసుకున్నంక తవ్వుకోమను సారూ, నీ బాంచెన్!”

ఆ మాటే దొరకు చెప్పాను.

“నూనె వస్తుంటే ముసల్దానికి జొన్నలెందుకు?” అన్నాడు. అది తెలివనుకున్నాడు కూడా.

కొద్ది లోతుకే బండ తగిలింది. మందుపెట్టి పేల్చినా బండే. యంత్రాలు తెస్తానని నిపుణుడు దొర ఎక్కే కచ్చడం బండిలోనే కామారెడ్డి స్టేషనుకు పోయాడు, మళ్లీ రాలేదు. దొర సిగ్గుపడలేదు. గోతిలో ఊరిన నీళ్లు తన మామిడితోటకు పారించుకుని, మొదటినుంచీ బావే తవ్వించానన్నాడు.

అవ్వ చేను సంగతి నా నివేదికలో రాశాను. అది మన శాఖ పని కాదని పైఅధికారి గీత గీసి కొట్టేశాడు. అవ్వ నాగిరెడ్డిపేటలో నాట్లకు కూలికి పోయిందని తర్వాత విన్నాను.